రేవు దాటని బావగారు

జమ్ములంక,
12 ఆగస్టు 2025.

సుందరి వదినగారికి,

మీరిద్దరూ క్షేమంగా గూడెం చేరారని ఇందు ఫోను చేసి చెప్పింది. ఫోనుండగా ఈవిడ ఉత్తరం రాస్తోందేమిటా అనుకుంటారేమో. మా లంకలో సిగ్నలు కావాలంటే చెరువు గట్టెక్కి మోటారు షెడ్డు దాకా వెళ్లాలి. అక్కడ ఎప్పుడూ నలుగురుంటారు. నేనొక మాటంటే వాళ్లు నాలుగు అందిస్తారు. వియ్యాలవారి సంగతులు వాళ్లందరికీ ఎందుకని కాగితం తీశాను. పదో తరగతి పరీక్ష తర్వాత ఇంత రాయడం ఇదే. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మనసులో ఏదో పెట్టుకుని రాస్తున్నానని అనుకోకండి. మొన్న ఆదివారం తెల్లారకుండానే లేచి కొర్రమీను పులుసు పెట్టాను. రొయ్యల ఇగురు చేశాను. గారెలు వండాను. మా పిల్లనీ మీ జయంత్‌నీ కలిపి ఏడాదిన్నరయింది, పెళ్లి కూడా ఏలూరు మండపంలోనే జరిగింది గనక మీరూ అన్నయ్యగారూ మా గడప తొక్కబోవడం ఇదే మొదటిసారి. ఇందు నాన్నగారు పెళ్లినాటి పట్టుపంచె తీసి కట్టుకున్నారు. మా పడవ నడిపే కుర్రాడు చంటి అందులో కొత్త చాప పరిచి వంతెన దగ్గరి రేవుకు వెళ్లాడు. మధ్యాహ్నం దాటాక పడవ ఖాళీగా తిరిగొచ్చింది. అన్నయ్యగారికి ఏలూరు స్టేషనులోనే మోకాలు పట్టేసిందనీ, అట్నుంచటే వెనక్కి వెళ్లిపోయారనీ తర్వాత తెలిసింది. ఈయన ఆ పట్టుపంచె విప్పకుండా సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నారు.

మోకాలి నొప్పి ఎవరికైనా వస్తుందండీ. కాకపోతే అంతకు నాలుగు రోజుల ముందు చింతలపూడి పెళ్లిలో ఊరేగింపు ముందు అన్నయ్యగారు చిందేశారని మా ఆడపడుచు చెప్పింది. ఆవిడ ఫోనులో తీసింది కూడా చూపించింది. చాలా బాగా వేశారు.

ఇందుకు నాలుగో నెల. ఏడో నెలలో సీమంతం చేసి మా ఇంటికి పంపుతామన్నారు. రేపు మనవడో మనవరాలో పుట్టినా అన్నయ్యగారి మోకాలు ఏమంటుందోనని నా బెంగ. తైలం ఏదైనా కావాలంటే చెప్పండి, పంపిస్తాను.

ఇట్లు,
మీ మంచి కోరే
వీరరాఘవమ్మ

~

తాడేపల్లిగూడెం,
18 ఆగస్టు 2025.

గౌరవనీయులైన రాఘవమ్మ వదినగారికి,

మీ ఉత్తరం అంది ఎంతో సంతోషించాను. మీ చేతిరాత ముత్యాల్లా ఉంది. ఇక్కడ వానలు విడవకుండా కురుస్తున్నాయి. మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తాలు తడిసి వీధంతా ఒకటే వాసన. మా కొట్టు అబ్బాయి చూసుకుంటున్నా ఈయన రోజుకు రెండుసార్లు వెళ్లి, ఎవరూ అడక్కపోయినా సలహాలు చెప్పి వస్తారు.

ఉత్తరాల ఆలోచన మంచిదేనండీ. మా ఇంట్లో ఫోను మోగితే చాలు, ఈయన పక్కనే చేరి "స్పీకరు పెట్టవే" అంటారు. ఇక ఏం మాట్లాడతాం.

ఆదివారం సంగతికి ఏమనుకోవద్దండి. మోకాలని నేనే కంగారులో చెప్పాను. నిజానికి మోకాలు కాదు, కడుపులో తిప్పడం. ఈమధ్య ఈయనకు నీసు వాసన పడటం లేదు. డాక్టరుగారు కూడా కొన్నాళ్లు దూరంగా ఉండమన్నారు. ఏలూరులో దిగి మీ వైపు గాలి తగలగానే మొహం అదోలా పెట్టేశారు. మీరు అంత శ్రమపడి వండినవి తినలేక మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని వెనుదిరిగాం. అంతే తప్ప వేరే ఉద్దేశం ఏమీ లేదండీ.

అన్నయ్యగారు కూడా మా ఇంటికి ఒక్కసారీ రాలేదు కదా. పెళ్లి మాటలప్పుడూ మీరు మీ మరిదిగారితోనే వచ్చారు. అయినా మేమేమైనా అనుకున్నామా. ఆయన పనులు ఆయనకుంటాయి.

కొరియరులో ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. మూత గట్టిగా ఉంటుంది, వేడినీళ్లు పోసి తిప్పండి.

మీ ఆదరం కోరుకునే
బాలాత్రిపురసుందరి

~

జమ్ములంక,
25 ఆగస్టు 2025.

వదినగారికి,

పచ్చడి అందింది. మూత ఇంకా రాలేదు.

మీ ఉత్తరం ఇందు నాన్నగారు కూడా చదివారు. చదివి, తాటాకు గొడుగు పట్టుకుని వానలోనే చెరువు మీదికి వెళ్లిపోయారు. మాది చేపల ఊరండీ. చేపతోనే పిల్లను చదివించుకున్నాం, చేపతోనే పెళ్లి చేశాం. నీసు వాసన రాదని ఏనాడూ అనలేదు. ఆ వాసన మీకు పెళ్లికి ముందే తగిలుంటే బాగుండేది.

అయినా వియ్యాలవారి మాట కాదనలేక మా తంటాలు మేం పడ్డాం. నాలుగు రోజులు ఇంట్లో చేప వండలేదు. వలలన్నీ మా మరిది ఇంటికి పంపేశాను. ఇల్లంతా కుంకుడురసంతో కడిగి, గది గదికీ అగరొత్తులు వెలిగించాను. వీధిలోవాళ్లు వచ్చి, అయ్యప్ప మాల ఇంత ముందుగా ఎవరు వేసుకున్నారని అడిగారు. రెండేళ్లుగా ఇక్కడే తిరిగే మా పిల్లి ఎక్కడికో వెళ్లిపోయింది.

ఇంత చేశాక చంటి ఒక మాట చెప్పాడు. ఆ రోజు వాడు రేవులో ఉండగా కైకలూరు బస్సు వంతెన దగ్గర ఆగిందట. కిటికీలో అన్నయ్యగారు కనిపించారట. వాడు చెయ్యి ఊపాడట. అన్నయ్యగారు చటుక్కున తల కిందికి దించేశారట. బస్సు వెళ్లిపోయింది. మరి ఏలూరు నుంచే వెనుదిరిగారన్న మాట ఏమిటండీ? రేవు దాకా వచ్చి, మా పడవను చూసి, మొహం దాచుకుని వెళ్లిపోయేంత లోపం మాలో ఏం కనిపించింది?

ఈయన ఒకటే అన్నారు. "సీమంతానికి నువ్వు వెళ్లు. నేను గూడెంలో అడుగు పెట్టను." నేను కాదని చెప్పలేకపోయాను.

వీరరాఘవమ్మ

~

తాడేపల్లిగూడెం,
1 సెప్టెంబరు 2025.

రాఘవమ్మ వదినగారూ,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇక దాచి లాభం లేదు. ఈ ఉత్తరం మాత్రం మీరొక్కరే చదవండి. అన్నయ్యగారికి తెలిస్తే ఈయన మీ కుటుంబంలో ఎవరి మొహమూ చూడలేరు.

ఈయనకు నీళ్లంటే భయమండీ.

మామూలు భయం కాదు. బకెట్ నిండా నీళ్లుంటే కాస్త పారబోసి స్నానం చేస్తారు. మా పెళ్లయిన కొత్తలో అంతర్వేది తీసుకెళ్తే, సముద్రానికి వీపు పెట్టుకుని పకోడీ తిన్నారు. నాతో ఏనాడూ భయమని అనలేదు. "తేమ పడదు" అంటారు. పైగా కొట్లో కుర్రాళ్లకు, వరదలో ఎర్రకాలువ అడ్డంగా ఈదానని కథలు చెబుతారు. నేను పక్కనే ఉండి తల ఊపుతాను. నలభై ఏళ్ల కాపురం కదండీ.

ఆ రోజు నిజంగానే వద్దామని బయల్దేరారు. రైల్లో పుళ్ల దాటేదాకా హుషారుగానే ఉన్నారు. ఏలూరులో మీకోసం మిఠాయి కూడా కొన్నారు. బస్సు వంతెన దగ్గర ఆగింది. కిటికీలోంచి చూస్తే, చంటి పడవలోకి ఎవరిదో కోడి ఒకటి ఎగిరి దూకింది. దూకితే పడవ ఊగింది. "సుందరీ, కోడికే అంత ఊగింది" అన్నారు. నేను లేవబోయేలోగా కండక్టరును పిలిచి కైకలూరు దాకా టిక్కెట్టు పొడిగించుకున్నారు. కైకలూరులో మాకేం పని? బస్టాండులో కూర్చుని ఆ మిఠాయి మేమే తిని, తిరుగు బస్సెక్కాం. వంతెన మీద ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నారు.

మోకాలూ, కడుపూ, నీసూ అన్నీ నేను కల్పించినవే. మీ ఇంటిని చిన్నచూపు చూసినట్టవుతుందని తట్టలేదు. ఈయనను నవ్వులపాలు చేయకూడదనుకున్నాను గానీ మిమ్మల్ని ఏడిపిస్తానని అనుకోలేదు.

నాకైతే నీళ్లన్నా పడవన్నా భయం లేదండీ. మీరు రమ్మంటే 14వ తేదీ ఆదివారం నేనొక్కదాన్నే వస్తాను. చేపే వండండి. మీ పిల్లి తిరిగొచ్చిందా?

మీ
సుందరి

~

జమ్ములంక,
8 సెప్టెంబరు 2025.

నా సుందరి వదినా,

మీ ఉత్తరం పొయ్యి దగ్గర కూర్చుని చదివాను. కోడి దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక గంజి వార్చడం మరిచిపోయాను. అన్నం మాడింది. ఈయన వచ్చి "ఏమిటా నవ్వు?" అన్నారు. పచ్చడి సీసా మూత వచ్చిందని చెప్పాను. వెళ్లి చూసుకున్నారు. రాలేదు. నన్నోసారి ఎగాదిగా చూసి ఊరుకున్నారు.

మీరింత నమ్మి చెప్పాక నేను దాచడం న్యాయం కాదు. ఇది కూడా మీరొక్కరే చదవాలి.

ఇందు నాన్నగారు మీ ఇంటికి రాకపోవడానికి కారణం మేం చెబుతూ వచ్చిన చేపల తెగులూ కాదు, చెరువు గండీ కాదు. ఆయనకు రైలంటే భయం. కొల్లేట్లో గాలివాన వచ్చినా గెడకర్రతో పడవ తోసుకుంటూ పాట పాడే మనిషి. రైలు కూత వింటే మాత్రం చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోతారు. పడవైతే మనం ఆపితే ఆగుతుందట. రైలు దాని ఇష్టమొచ్చినచోట ఆగుతుందట. పెళ్లి మాటలకు మీ ఇంటికి బయల్దేరిన రోజు ఏలూరు స్టేషను దాకా వచ్చారు. బండి వచ్చి ఆగింది. "ఇదెంతసేపు ఆగుతుంది?" అని ముగ్గుర్ని అడిగారు. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఈయన ఒక కాలు పైన పెట్టి, దించి, మళ్లీ పెట్టి, దించేలోగా బండి వెళ్లిపోయింది. మా మరిదీ నేనూ లోపలున్నాం. అదండీ సంగతి. పోనీ బస్సులో రావచ్చు కదా అంటే, మగవాళ్లందరూ రైల్లో వెళ్తుంటే తను బస్సులో వెళ్తే ఏమనుకుంటారంటారు.

ఈ సీమంతానికి అదీ కుదరదు. రోడ్డు గతుకులు వద్దని, రైల్లోనే తీసుకురమ్మని ఇందుకు డాక్టరమ్మ చెప్పింది కదా. కూతుర్ని తండ్రి వచ్చి తీసుకెళ్లకపోతే పిల్ల ఎంత చిన్నబుచ్చుకుంటుందో. నా అసలు దిగులు అది.

మీరు తప్పకుండా రండి. పిల్లి వచ్చింది. వలలూ వచ్చాయి.

మీ కోసం కళ్లల్లో ఒత్తులేసుకుని,
రాఘవమ్మ

~

తాడేపల్లిగూడెం,
17 సెప్టెంబరు 2025.

రాఘవమ్మ వదినా,

ఇంటికొచ్చి మూడు రోజులైనా నా చీర కొంగు ఇంకా మీ పులుసు వాసనే వేస్తోంది. ఉతకబుద్ధి కావడం లేదు. మీ పెరటి గట్టు మీంచి చూస్తుంటే ఆ గూడబాతులన్నీ ఒకేసారి లేచాయే, ఆ చప్పుడు నిద్రలో కూడా వినిపిస్తోంది.

నేనొక్కదాన్నే వస్తానని ఈయనతో వంతెన దగ్గర దాకా ఎలా వచ్చానో మీకు తీరిగ్గా చెప్పలేదు కదా. "ఏలూరు వెళ్లొస్తానండీ" అన్నాను. "స్టేషను దాకా దిగబెడతాను" అన్నారు. స్టేషనులో "ఒక్కదానివే ఎందుకు, ఏలూరు దాకా వస్తాను" అన్నారు. ఏలూరులో బస్సెక్కిస్తానని తనూ ఎక్కేశారు. వంతెన దగ్గర దిగి, చంటి పడవలో నేనెక్కేదాకా చూసి, "నువ్వు వెళ్లిరా, నేనిక్కడ హన్నమ్మ టీ కొట్లో కూర్చుంటాను. నాకు టీ తాగాలనుంది" అన్నారు. సాయంత్రం దాకా తాగుతారా అని అడగలేదు. పడవ కదిలాక వెనక్కి చూస్తే గట్టు మీద నిలబడి, చంటిపిల్లను బడికి పంపే తల్లిలా చూస్తున్నారు. నాకు నవ్వు రాలేదండీ. భయపడుతూ కూడా అంతదూరం వచ్చారు కదా అనిపించింది.

తర్వాతది మీకు తెలుసు. బావగారు అవతల ఒంటరిగా ఉన్నారని వినగానే అన్నయ్యగారు చిన్న పడవలో అన్నం క్యారియరు పెట్టుకుని వెళ్లారు. గంటలో వస్తానన్నవారు రాలేదు. పొద్దువాలే వేళకు చంటి నన్ను రేవులో దించేసరికి ఇద్దరూ టీ కొట్టు బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరి బట్టలూ నడుము దాకా తడి. ఈయన తలమీద గుర్రపుడెక్క పువ్వొకటి.

ఏమైందంటే ఇద్దరూ చెప్పలేదు. రైల్లో పదేపదే అడిగితే ఈయన ఒక కథ చెప్పారు. అన్నయ్యగారు కాలుజారి నీళ్లలో పడ్డారట. ఈయన వెంటనే దూకి బయటికి లాగారట. లోతు రెండు నిలువులట.

అన్నయ్యగారు మీతో ఏం చెప్పారు?

మీ మీద బెంగపెట్టుకున్న
సుందరి

~

జమ్ములంక,
23 సెప్టెంబరు 2025.

వదినా,

ఈయన నాతో చెప్పింది వినండి. గేదెదూడ ఒకటి ఊబిలో దిగబడితే బావగారూ తనూ కలిసి గట్టెక్కించారట. బావగారంత ధైర్యవంతుణ్ణి చూడలేదట. ఆ దూడ ఎవరిదని అడిగితే, అది పొరుగూరి దూడ, వెళ్లిపోయిందన్నారు.

ఇలా కాదని నిన్న ఏలూరు వెళ్తూ రేవులో హన్నమ్మను పట్టుకున్నాను. ఆవిడ టీ కొట్లోంచి అంతా చూసింది. నీళ్ల మీద మాట ఎంత దూరమైనా వినబడుతుంది కదా. జరిగింది ఇదీ.

అన్నం తిందామంటే గట్టంతా గండుచీమలట. పడవలో కూర్చుందామని ఈయన అన్నారు. అన్నయ్యగారు వద్దన్నారు. "కట్టేసిన పడవ బల్లతో సమానమండి బావగారూ" అని ఈయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. కబుర్లలో పడ్డారు. రొయ్యల ఇగురు సగమయ్యేసరికి గాలి తిరిగింది. తాడు కట్టు ఊడింది. ఇద్దరూ చూసుకునేసరికి పడవ నడిమధ్యన గుర్రపుడెక్కలో ఇరుక్కుంది.

"బావగారూ, గెడ ఏదండీ?" అన్నారట అన్నయ్యగారు.

"గట్టు మీద ఉందండి."

"మరి మనం?"

"మనం ఇక్కడున్నామండి."

అన్నయ్యగారు ఈయన చెయ్యి రెండు చేతులతో పట్టేసుకున్నారట. "ఇక్కడ లోతెంతుంటుందండీ?"

"మీరు చెయ్యి వదిలితే దిగి చూసి చెబుతానండి."

"వదలనండి."

అలా చాలాసేపు కూర్చున్నారట. హన్నమ్మ కేకేసి ఎవరినైనా పంపనా అని అడిగితే ఈయన వద్దని సైగ చేశారట. నలుగురూ వస్తే అన్నయ్యగారు సిగ్గుపడతారని కాబోలు. మా ఆయనకు అంత ఆలోచన ఉందని నాకిన్నాళ్లూ తెలియదు. అప్పుడు ఈయన తనంతట తానే అన్నారట, "భయమన్నది అందరికీ ఉంటుందండి బావగారూ. నాకు రైలుంది." ఏలూరు స్టేషనులో కాలు పెట్టి తీసిన సంగతంతా చెప్పారట. మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదనుకున్నది, టీ తాగుతున్నవాళ్లందరూ విన్నారు.

అన్నయ్యగారు చెయ్యి వదలకుండానే అంతా విన్నారట. తర్వాత "ఆ బండి అక్కడ రెండు నిమిషాలు ఆగుతుందండి. నేను పక్కనుంటాను" అన్నారట. అని, మెల్లగా ఒక చెయ్యి వదిలారట. ఈయన దిగారు. నీళ్లు నడుము దాకా వచ్చాయి.

అన్నయ్యగారు ఆ నడుమునే చూస్తూ కూర్చున్నారట. "ఇంతేనా అండీ?" అన్నారట. చాలాసేపటికి కళ్లు మూసుకుని ఆయనా దిగారు. ఇద్దరూ డెక్కను పక్కకు నెట్టుకుంటూ, పడవ లాక్కుంటూ గట్టుకు నడిచొచ్చారు. దారిలో క్యారియరు మూత ఒకటి మునిగిపోయింది. అది తప్ప వేరే నష్టం లేదు.

మనకేమీ తెలియనట్టే ఉందాం. మీరు రెండు నిలువుల లోతే నమ్మండి. నేను దూడనే నమ్ముతాను.

సీమంతానికి ఏం చీర పెట్టాలో చెప్పండి. ఇందు పట్టు ఒంటిమీద నిలవదంటోంది.

నీ
రాఘవ

~

జమ్ములంక,
13 నవంబరు 2025.

సుందరి వదినా,

జ్వరం తగ్గిందా? సీమంతం అంత బాగా చేసి, పిల్లను పంపే రోజుకు మంచమెక్కావు. ఆ పనంతా నువ్వొక్కదానివే నెత్తినేసుకున్నావు, మరెందుకు రాదు. మిరియాల పాలు తాగు. నువ్వు లేని లోటుకు జరిగిందంతా రాస్తున్నాను, పడుకుని చదువుకో.

మేం గూడెం వచ్చేటప్పుడు ఏలూరు ప్లాట్‌ఫారం మీద అన్నయ్యగారు మా కోసం నిలబడి ఉన్నారని నీకు తెలుసా? తెల్లారగట్ల ఇంట్లో లేరని, పూలకు వెళ్లారనుకున్నానని అన్నావు కదా. పూలకు కాదు. బండి ఆగగానే ఈయన భుజం మీద చెయ్యేసి, "పదండి బావగారూ, ఇంకా ఒకటిన్నర నిమిషం ఉంది" అన్నారు. ఈయన ఎక్కారు. నేను వెనక నుంచి చూస్తూ చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు.

ఇప్పుడు పిల్లను తెచ్చేటప్పుడూ మధ్యలో ఇందు, అటొకరు ఇటొకరు. భీమడోలు రాగానే ఏలూరొచ్చేసిందని ఈయన లేచి సంచులన్నీ తలుపు దగ్గర పేర్చారు. అన్నయ్యగారు ఓపిగ్గా అన్నీ వెనక్కి తెచ్చారు. దెందులూరులో మళ్లీ అదే జరిగింది. ఎదుటి సీటాయన "కొత్తా అండీ?" అని అడిగితే, అన్నయ్యగారు, "లేదండీ, ఆయనకు పిల్ల మీద ఆత్రం" అన్నారు.

రేవులో నేను అన్నయ్యగారితో, "మీరిక్కడి నుంచి వెళ్లిపోండి, చీకటి పడుతుంది" అన్నాను. ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, అందరికన్నా ముందు పడవెక్కి మధ్యలో కూర్చున్నారు. చంటి నోరెళ్లబెట్టాడు. గెడ పట్టింది ఈయనే. ఇంత నెమ్మదిగా ఈయన పడవ నడపడం నేనెప్పుడూ చూడలేదు. నీళ్లు కదలకుండా తోశారు.

ఇందు అన్నయ్యగారి పక్కన కూర్చుంది. కొల్లేట్లో చేపపిల్లలా ఈదుతూ పెరిగిన పిల్లని నీకు తెలుసు కదా, బడికి కూడా సగం రోజులు తనే పడవ వేసుకుని వెళ్లేది. అన్నయ్యగారు దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మొహం పాలిపోయింది, నుదుటి నిండా చెమటలు. కళ్లు మాత్రం మూసుకోలేదు.

"భయపడకమ్మా, నేనున్నాను కదా" అన్నారు దానితో.

అది ఒకసారి నా వైపు చూసింది. నవ్వుతుందేమోనని కళ్లతోనే వద్దన్నాను. నవ్వలేదు. ఆయన భుజానికి ఆనుకుని, రెండో చెయ్యి కూడా ఆయన చేతి మీద వేసింది.

"అలాగే మావయ్యా. ఒడ్డు వచ్చేదాకా నా చెయ్యి వదలకండి" అంది.

అన్నయ్యగారు ఈ రాత్రికి ఇక్కడే ఉంటారు. నీతో చెప్పమన్నారు, చంటి గట్టెక్కి ఫోను చేసే ఉంటాడు.

నీ
రాఘవ